భాగ్యక్క కింది పళ్ళు

ఏప్రిల్ 12

నా కింది పళ్ళు ఇవాళ లోక్యా వడ్ల కుప్పలో పడ్డాయి.

ఇప్పుడు రాసుకుంటుంటే నవ్వొస్తోంది కానీ పొద్దున మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. మహిళా సంఘం తరఫున నేను చూసుకునే వడ్ల కొనుగోలు కేంద్రంలో ఇవాళ తక్కువలో తక్కువ నలభై మంది రైతులున్నారు. తండా రైతు లోక్యా కుప్ప మీద మా సంఘం పిల్ల రోజారాణి తేమ మిషన్ పెట్టింది. ఒకసారి పదహారున్నర చూపించింది, ఇంకోసారి పదిహేడున్నర. పదిహేడు దాటితే మిల్లువాళ్ళు దింపుకోరు. మిషన్ ఇలా ఊగిసలాడినప్పుడల్లా అందరూ నా మొహం చూస్తారు. పన్నెండేళ్ళ అలవాటు. నేనొక గింజ తీసి పంటి కింద పెట్టుకుంటాను. కటుక్కున విరిగితే ఎండినట్టు, చప్పుడు లేకుండా అణిగితే ఇంకా పచ్చిగా ఉన్నట్టు. భాగ్యక్క పన్ను చెప్పాక ఇక మిషన్‌తో పనేముందని లారీ డ్రైవర్లు కూడా అంటారు.

గింజ నోట్లో వేసుకున్నా. సరిగ్గా అప్పుడే హమాలీ శివరాం, మన డ్రైవరు పెళ్ళిచూపులకు లారీ వేసుకుని పోతే పిల్ల తండ్రి సరుకు వే బిల్లు అడిగాడట అన్నాడు. నవ్వకుండా ఉండాల్సింది. నవ్వా. కింది సెట్టు నాలుక మీంచి లేచి, పెదవి దాటి, వడ్లలోకి దూకింది.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చెయ్యి మోచేతి దాకా కుప్పలోకి దూర్చా. లోపలి తేమ చూస్తోందని అందరూ అనుకున్నారు. రోజారాణి అయితే పక్కనున్న కొత్త అమ్మాయికి చూపించి, చూడు, పని అంటే అట్లా చెయ్యాలె అని కూడా చెప్పింది. నేను దేవులాడుతున్నది నా దవడ. దొరికింది. గుప్పిట్లో బిగించి లేచా.

ఎదురుగా లోక్యా. “అక్కా, వచ్చిందా?” అన్నాడు. తేమ సరిపోయిందా అని.

నోరు తెరిస్తే అయిపోయినట్టే. కొంగు తియ్యకుండా ఒక వేలు చూపించా. ఇంకొక్క రోజు. తలూపి, కుప్పని మళ్ళీ ఎండకు పరచడానికి వెళ్ళిపోయాడు.

కుళాయి దగ్గర కడుక్కుంటుంటే సెట్టుకి రెండు గింజలు అంటుకుని ఉన్నాయి. నాకు పళ్ళు లేవన్న సంగతి మా ఆయనకు తప్ప బాన్సువాడలో ఇంకెవరికీ తెలియదు. ఇవాళ కూడా తెలియలేదు. అదే పదివేలు. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది కాబట్టి, ఎరువుల దుకాణం కిషన్‌లాల్ సేటు జనవరిలో ఇచ్చిన డైరీ దుమ్ము దులిపి తీశా.

ఒక్క రోజే కదా. ఎండ కూడా బాగానే ఉంది.

ఏప్రిల్ 13

నిన్న సాయంత్రం వాన.

ఏప్రిల్ 14

రాళ్ళు కూడా పడ్డాయి. కుప్ప చేసుకున్నవాళ్ళు పరదాలు కప్పుకున్నారు. లోక్యాకు ఉన్నవి రెండే పరదాలు, కుప్పగా ఉంటే అవే సరిపోయేవి. ఎండకు పరిచి ఉన్న వడ్లను నలుగురు కలిసి ఊడ్చి దగ్గరకు చేసేసరికి సగం కాలవలోకి పోయినంత పనైంది.

వాన నేను కురిపించానా?

ఏప్రిల్ 22

లోక్యా ఎనిమిది రోజులుగా ఎండబెడుతూనే ఉన్నాడు. అడుగున మొలకలొచ్చాయి. మంచివి వేరు చేసి కాంటా పెట్టించాం. మొలకలొచ్చినవి ట్రాక్టరు ట్రాలీలో వేసుకుని తండాకు తీసుకెళ్ళాడు.

పోతూ పోతూ ఎవరితోనో అంటున్నాడు, భాగ్యక్క ముందే చెప్పింది పచ్చిగుందని, నేనే వాన సంగతి చూసుకోలేదని. ఆ మాట వినపడేంత దగ్గర్లో నేనెందుకు నిలబడ్డానో తెలియదు. తిట్టినా బాగుండేది.

ఈ పన్నెండేళ్ళలో నా పన్ను ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఇది మాత్రం రాసి పెట్టుకోవాలి.

మే 6

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చా. బోధన్ రోడ్డులో మందుల షాపు పైన. మధ్యాహ్నం రెండింటికి, ఊరంతా అన్నాలు తిని కునుకు తీసే వేళ చూసుకుని, మొహం నిండా కొంగు కప్పుకుని మెట్లెక్కా. కింద షాపతను చందర్ గుర్తుపట్టి, కాళ్ళ నొప్పులా అక్కా అన్నాడు. అవునన్నా. పళ్ళ డాక్టరు దగ్గరికి కాళ్ళ నొప్పులతో ఎక్కిన మొదటి మనిషిని నేనే అయ్యుంటా.

డాక్టరు పేరు వైశాలి. దెగ్లూరు వైపు పిల్ల, ముప్పై ఉంటాయేమో. నన్ను ఆయీ అని పిలుస్తుంది. వాళ్ళ మరాఠీలో అమ్మ అని. నోరు చూసి నా సెట్టుని ఇలా పట్టుకుని అలా వదిలితే అది నాలుక మీద పడవలా ఊగింది. పై సెట్టుకైతే అంగిలి పట్టు ఉంటుందట, కింది దానికి పట్టు ఏమీ ఉండదట, పళ్ళు పోయాక దవడ ఎముక ఏటేటా అరిగిపోతుందట, అందుకే కొత్తలో బాగున్న సెట్టు ఇప్పుడు వదులైందట. నేను చేసిన తప్పేం లేదని ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆ మాటకే ఆమె నాకు నచ్చేసింది.

కింది దవడ ఎముకలో ముందువైపు రెండు చిన్న స్క్రూలు బిగిస్తారు. ఎముక వాటిని పట్టుకోవడానికి మూడు నెలలకు పైనే పడుతుంది. తర్వాత వాటి మీద రెండు చిన్న గుండ్లు బిగించి, సెట్టు లోపల రెండు టోపీలు పెడతారు. రవికకు టిచ్ బటన్ నొక్కినట్టు నొక్కితే సెట్టు కూర్చుంటుంది. ఇక నవ్వినా, తుమ్మినా, శివరాం జోకులేసినా కదలదు.

టిచ్ బటన్ అనగానే నాకు నవ్వు ఆగలేదు. నలభై ఏళ్ళుగా నొక్కుతున్నా వాటిని. నోటికి కూడా ఉంటాయని ఎవరు అనుకుంటారు.

ఎందుకు చేయించుకుంటున్నావని మా ఆయన అడిగాడు. ఆడపడుచు కూతురి పెళ్ళి ఉంది, ఫోటోల్లో బాగుండాలి అన్నా. లోక్యా గురించేనా అన్నాడు. లోక్యాకీ దీనికీ ఏం సంబంధం? పెళ్ళి ఫోటోల కోసమే.

జూన్ 3

మాట్లాడకూడదట ఇవాళంతా. బుగ్గ బూరెలా ఉంది. కాబట్టి చేత్తో మాట్లాడుతున్నా.

నొప్పి తెలియలేదు కానీ చప్పుడు తెలిసింది. డ్రిల్లు తిరుగుతుంటే తలకాయలో పిండిమిల్లు పెట్టినట్టే. ఎముక లోపలి నుంచి చెవిలోకి నేరుగా వస్తుంది చప్పుడు, బయటి నుంచి కాదు. డాక్టరు ‘బస్, బస్, అయిపోయింది ఆయీ’ అన్నప్పుడల్లా ఇంకా కాలేదని అర్థం.

అసలు తమాషా మా ఆయనది. భీంరావు గారు ఆర్టీసీ డిపోలో ముప్పై రెండేళ్ళు మెకానిక్కు. ఆయన నోట్లో ఇప్పటికీ ముప్పై రెండు పళ్ళూ ఉన్నాయి, ఏడాదికొక పన్ను చొప్పున గవర్నమెంటు ఇచ్చినట్టు గర్వంగా చూపిస్తాడు. బయట కూర్చోమంటే కూర్చోలేదు. స్క్రూ బిగించేటప్పుడు డాక్టరు చేతిలో చిన్న రెంచీ కనపడగానే తలుపులోంచి తల పెట్టి అది టార్క్ రెంచీనా అని అడిగాడు. అవునంది. ఎంతకు బిగిస్తరు అన్నాడు. ముప్పై అయిదు అని ఏదో లెక్క చెప్పింది. ఆయన మొహం వెలిగిపోయింది. నా నోరు తెరిచి ఉంది, రక్తం కారుతోంది, వీళ్ళిద్దరూ థ్రెడ్ల గురించి మాట్లాడుకుంటున్నారు. పని మంచిదే, ఎక్కువ బిగిస్తే థ్రెడ్ కొట్టుకపోతది అని సర్టిఫికెట్ కూడా ఇచ్చేశాడు.

ఇంటికి వచ్చేటప్పుడు బండి మీద వెనక్కి తిరిగి, “ఇగ చాసిస్ గట్టిపడ్డది. బాడీ సంగతి నువ్వే చూసుకో” అన్నాడు. నవ్వకూడదు. కుట్లున్నాయి. నవ్వాపుకుంటే కన్నీళ్ళొచ్చాయి.

జూన్ 4

రాగి జావ.

జూన్ 5

రాగి జావ. మా ఆయన సకినాలు తింటున్నాడు, పక్క గదిలో కూర్చుని, తలుపేసుకుని. చప్పుడు తలుపుకి ఆగుతుందా.

జూన్ 12

కుట్లు విప్పారు. పాత సెట్టు లోపల మెత్తటి పూత వేసి ఇచ్చింది డాక్టరు, మూడు నెలలు దీనితోనే. గట్టివేవీ కొరకొద్దు, కొరికితే స్క్రూ కదిలి చేసిన పని అంతా పోతుంది అని వేలు చూపించి చెప్పింది. మెత్తన్నం, పప్పు, ఉప్మా. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. నేనూ చిన్నపిల్లలాగే తలూపా.

జులై 9

వాన పట్టుకుంది, నాట్లు జోరుగా పడుతున్నాయి. రోజారాణి ఇంటికొచ్చింది, సంఘం మీటింగు కాగితాల మీద సంతకాల కోసం. పోతూ పోతూ అడిగింది, పెద్దమ్మా, గింజ కొరికి చెప్పుడు నాకు కూడా నేర్పవా అని. నేర్పుతాలే అన్నా.

ఏం నేర్పాలి? ఎవరికీ చెప్పని మాట ఇక్కడ రాసేస్తున్నా. గత రెండేళ్ళుగా నేను కొరకలేదు. కింది సెట్టు వదులయ్యాక గింజ దాని కింద నిలిచేది కాదు, జారిపోయేది. నోట్లో వేసుకుని దవడ ఆడించేదాన్ని. గోటితో నొక్కి, అరచేతిలో రాసి చూసి చెప్పేదాన్ని. ఎక్కువసార్లు సరిగ్గానే చెప్పా. ఎక్కువసార్లు.

ఏప్రిల్ పన్నెండున గోరు కూడా పెట్టలేదు.

వాన నేను కురిపించలేదు. కానీ ఒక్క రోజు అన్నది మాత్రం నేనే.

ఆగస్టు 17

పొద్దున్నే లోక్యా ఇంటికొచ్చాడు. సంచి నిండా మక్క కంకులు. తండా పక్కన ఎకరం మక్క వేశాడట, మొదటి కోత ఇదేనట. పైన గుడ్డలో విడిగా రెండు కంకులు, వాళ్ళావిడ బొగ్గుల మీద కాల్చి, ఉప్పూ కారం నిమ్మకాయ రాసి పంపింది. ఇంకా వేడిగా ఉన్నాయి. వేడిమీదనే తిను అక్కా అని చేతిలో పెట్టాడు.

ఆ వాసన. రాస్తుంటే ఇప్పటికీ నోరూరుతోంది. రెండున్నర నెలలుగా జావ, మెత్తన్నంతో గడిపే మనిషి చేతిలో కాల్చిన కంకి పెట్టడం అంటే ఏమిటో లోక్యాకేం తెలుసు. ఒక్క గింజ ఒలుచుకుని చప్పరిద్దామనుకున్నా. చప్పరిస్తే ఏంది కొరకవు అంటాడు. కంకిని కిటికీ మీద పెట్టేశా. కడుపులో బాగాలేదు, తర్వాత తింటాలే అన్నా.

కాసేపు కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు. చాయ్ పెడతా కూర్చో అంటే వద్దన్నాడు. ఎప్పుడూ రెండు గ్లాసులు తాగేవాడు. తొందరేమో.

ఏప్రిల్ సంగతి చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. అతను అప్పటికే గేటు దాటాడు.

కంకులు మా ఆయన మూడు రోజుల్లో అవగొట్టేలా ఉన్నాడు.

సెప్టెంబర్ 16

టక్.

సెప్టెంబర్ 16, సాయంత్రం

టక్ టక్. ఇవాళ్టికి ఇరవయ్యోసారి తీసి పెట్టుకోవడం. డాక్టరు వింటే కొడుతుంది.

పొద్దున పదింటికి గుండ్లు బిగించింది. మా ఆయన రెంచీ చూడ్డానికి మళ్ళీ వచ్చాడు. సెట్టు లోపల టోపీలు అతికించి, గట్టిపడేదాకా కదలకుండా కూర్చోమంది. తర్వాత సెట్టు చేతిలో పెట్టి, నువ్వే పెట్టుకో ఆయీ అంది. రెండు బొటనవేళ్ళతో నొక్కా. కుడివైపు టక్, ఎడమవైపు టక్. నాలుకతో తోశా, కదల్లేదు. దగ్గా, కదల్లేదు. అద్దంలో పళ్ళన్నీ కనపడేలా నవ్వా. డాక్టరు ఇప్పుడు శివరాం జోకు చెప్పు అంది. మే నెలలో చెప్పింది గుర్తుపెట్టుకుంది ఆ పిల్ల. చెప్పా. నవ్వా. కదల్లేదు. నేను, డాక్టరు, మా ఆయన, బయట పన్ను పట్టుకుని కూర్చున్న ఎవరో ముసలాయన, అందరం నవ్వాం.

మెట్లు దిగుతుంటే చందర్, కాళ్ళ నొప్పులు తగ్గాయా అక్కా అని అడిగాడు. పూర్తిగా తగ్గాయి, చూడు అని చివరి రెండు మెట్లు దూకా. యాభై ఎనిమిదేళ్ళు నాకు. మా ఆయన బండి స్టార్ట్ చేస్తూ తల పట్టుకున్నాడు.

సెప్టెంబర్ 19

జామకాయ తిన్నా. కోసి కాదు, కొరికి. డాక్టరు కోసుకునే తినమంది, కానీ ఒక్కటి. పల్లీలు. అప్పడం. మా ఆయన డబ్బాలో దాచుకున్న సకినం, చూస్తుండగానే, ఆయన ఎదురుగా కూర్చుని. పక్క గదిలోకి వెళ్ళలేదు, తలుపేసుకోలేదు.

మక్క కంకి కోసం మార్కెట్టంతా తిరిగా. గట్టిపడిపోయాయి, అందరూ గింజ ఒలిచి అమ్ముకుంటున్నారు.

సెప్టెంబర్ 28

బతుకమ్మ దగ్గర పాట ఎత్తుకున్నా. రెండేళ్ళుగా చప్పట్లు కొట్టి తప్పించుకుంటున్నా కదా. గొంతు పోయిందనుకున్నం భాగ్యక్కా అన్నారు. గొంతు ఎక్కడికీ పోలేదు.

అక్టోబర్ 2

దసరా. మటన్. బొక్క కొరికి మూలుగ జుర్రా. మా ఆయన ప్లేటులోది కూడా.

నవంబర్ 5

కొనుగోలు కేంద్రం మొదలైంది. రాత్రుళ్ళు మంచు పడుతోంది, పైన ఎండినట్టు కనపడ్డ వడ్లు అడుగున పచ్చిగా ఉంటున్నాయి.

మొదటి కుప్ప తారాచంద్‌ది. గింజ తీసి, పొట్టుతో సహా పంటి కింద పెట్టి కొరికా.

కటుక్.

ఇది నోట్లో వినపడిన చప్పుడు కాదు. దవడ ఎముకలోంచి నేరుగా చెవిలోకి వచ్చింది, ఆ రోజు డ్రిల్లు చప్పుడు వచ్చిన దారినే. డాక్టరు ఈ సంగతి నాకు చెప్పలేదు. ఆమెకు మాత్రం వడ్లు కొరికే పనేముంది. స్క్రూలు ఎముకలో ఉన్నాయి కదా, చప్పుడు అటు నుంచే పోతోంది. సొంత పళ్ళున్నప్పుడు కూడా ఇంత తేటగా వినలేదు. తారాచంద్‌కి పదహారు అని చెప్పా. రోజారాణి మిషన్ పెట్టింది. పదహారు పాయింట్ ఒకటి. ఆ పాయింట్ ఒకటి మిషన్ తప్పే అన్నా. అందరూ నవ్వారు, నేను అందరికంటే గట్టిగా.

అవసరం లేకపోయినా ఇవాళ పదకొండు కుప్పలు కొరికా. శివరాం, అక్కకు ఆకలైతున్నట్టుంది, ఎవలన్నా బువ్వ పెట్టుండ్రి అన్నాడు.

నవంబర్ 9

లోక్యా ఇంకా రాలేదు. కోత అయిందట.

నవంబర్ 11

లోక్యా వచ్చాడు. వడ్లు మాత్రం నా కుర్చీకి ఆమడ దూరంలో, గోడ పక్క చివరి మూలలో పోసుకున్నాడు. ఎప్పుడూ ముందు వరసలో, నా ఎదురుగానే పోసేవాడు. పలకరిస్తే ఆఁ అక్కా అని ఊరుకున్నాడు. అక్క రానక్కర్లేదు, మిషన్ పెడితే చాలు అని రోజారాణితో చెప్పి పంపాడు.

తెలిసిపోయింది. ఏప్రిల్ సంగతి అతనికి ఎలాగో తెలిసిపోయింది. ఇంకేముంటుంది?

బొక్కలు కొరికానట, పాటలు పాడానట. సిగ్గు లేని మనిషిని.

నవంబర్ 12

అన్నీ రాస్తా. ఒక్క మాట కూడా వదలను.

పొద్దున పదకొండుకి రోజారాణి లోక్యా కుప్ప మీద మిషన్ పెట్టింది. పదహారు పాయింట్ ఎనిమిది. ఇంకో చోట పదిహేడున్నర. మరో చోట పదిహేడు. అచ్చం ఏప్రిల్‌లాగే. ఆమె అక్కడి నుంచే కేకేసింది, పెద్దమ్మా, నువ్వే వచ్చి కొరుకు అని. లోక్యా నేల చూస్తున్నాడు. అక్కడ ముప్పై మందికి పైనే ఉన్నారు. అందరూ దారి ఇచ్చారు.

కుప్ప దగ్గరికి వెళ్ళా. గింజ తీసి కొరికి, నిజం చెప్పేసి వచ్చెయ్యొచ్చు. ఇప్పుడు నాకు పళ్ళున్నాయి. ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు. గింజ తీశా కూడా. కానీ అతను నేల చూస్తున్నాడు, నా మొహం చూడటం లేదు. పన్నెండేళ్ళలో నేను గింజ కొరికేటప్పుడు నా మొహం చూడని రైతు లేడు.

గింజ కింద వేసేశా. రెండు బొటనవేళ్ళు పెట్టి కింది సెట్టు లేపా. టక్, టక్. బయటికి తీసి అరచేతిలో పెట్టుకుని అతని ముందుకు చాపా.

“లోక్యా, ఏప్రిల్ల నీ కుప్పల పడ్డయి గివే. గా దినం నేను గింజ కొరకలే. నోరు తెరిస్తే ఇజ్జత్ పోతదని ఉత్తగనే ఏలు చూపిన.”

కింది పళ్ళు లేకుండా మాట్లాడితే సగం గాలే వస్తుంది. ఎవరికీ అర్థం కాలేదు. వెనకున్నవాళ్ళు ఏంది ఏంది అన్నారు. జీవితంలో ఒక్కసారి ధైర్యం చేస్తే, అది రెండోసారి కూడా చెప్పాల్సొచ్చింది. చెప్పా, ఇంకా గట్టిగా. రోజారాణి చేతిలో మిషన్ అలాగే ఉండిపోయింది. శివరాంకు ఒక్క జోకు కూడా దొరకలేదు.

లోక్యా నా చేతిలో సెట్టు చూశాడు, నా బోసి నోరు చూశాడు.

“ఎనిమిది దినాలు ఎండబెట్టిన అక్కా,” అన్నాడు. “మొలకలొచ్చినయి అన్నీ బర్లకు ఏసిన. నా తప్పే అనుకున్న.”

తలూపా. నాదేనని చెప్పా. ఏడుపొచ్చింది, తుడుచుకోలేదు.

అతని మొహంలో కోపం ఉంది, అది నాకు దక్కాల్సిందే. తర్వాత అతను అడిగిన మాట నేను కలలో కూడా అనుకోనిది.

“మరి గా కంకి? గందుకేనా తినలే?”

మళ్ళీ తలూపా.

“మా తండోళ్ళ చేతిది తినవనుకున్న,” అన్నాడు. “మా ఇంటిది దినమంతా ఏడ్చింది. ఇగ భాగ్యక్క ఇంటికి ఏం పట్టుకపోవద్దన్నది.”

కిటికీ మీద పెట్టిన కంకి. తాగని చాయ్. తొందరేమో అని రాసుకున్నా ఈ డైరీలోనే. పళ్ళు లేవని దాచుకుందామని ఆ ఇంటిదాని మనసు విరిచేశా. ఏప్రిల్‌లో వడ్లు పోయాయి, అవి మళ్ళీ పండాయి. ఇది మూడు నెలలుగా వాళ్ళింట్లో ఉంది. ఇంత సిగ్గు నాకు పళ్ళు ఊడినప్పుడు కూడా కలగలేదు.

వరస దాటొచ్చి నిలబడ్డ వాళ్ళందరి ముందు రెండు చేతులూ జోడించా, సెట్టు మధ్యలో పెట్టుకునే. ఎవరో ఒకరు నవ్వాపుకోలేకపోయారు. లోక్యా కూడా పెదవి కొరుక్కున్నాడు.

వంగి, కుప్ప అడుగు నుంచి నాలుగు గింజలు తీసి నా చేతిలో పోశాడు.

“కొరుకు,” అన్నాడు.

కుళాయి దగ్గర కడిగి, అందరూ చూస్తుండగా పెట్టుకున్నా. టక్, టక్. ముప్పై మందీ విన్నారు ఆ చప్పుడు. గింజ పంటి కింద పెట్టా. లోక్యా ఈసారి నా మొహమే చూస్తున్నాడు. ఎండిందని చెప్పాలని ఎంత ఉందో. కటుక్కుమంటే చాలు, అన్నీ సర్దుకుంటాయి. నాలుగు గింజలూ ఒకదాని తర్వాత ఒకటి కొరికా. నాలుగూ మెత్తగా అణిగాయి. ఎముకలో చప్పుడే లేదు.

“ఇంకొక్క దినం ఎండాలె,” అన్నా. “ఈసారి కొరికి చెప్తున్న.”

లోక్యా ఆకాశం చూశాడు. నేనూ చూశా. మబ్బు లేదు, అయినా ఏప్రిల్‌లో కూడా లేదు. పార తీసుకుని కుప్ప విడగొట్టడం మొదలుపెట్టాడు.

మా ఆయనకి ఫోన్ చేసి, ఇంట్లో ఉన్న పరదాలన్నీ బండి మీద వేసుకుని రమ్మన్నా. చెప్పులు విడిచి లోక్యాతో పాటు వడ్లలో కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచా, గింజ తిరగబడాలని. ఒక చాలు అతను, ఒక చాలు నేను. మా ఆయన వచ్చి మూడో చాలు పట్టాడు. నీ నోటి సంగతి ఊరంతా తెలిసిందట, పోనీ నా ముప్పై రెండూ చూపించనా అందరికీ అన్నాడు. వద్దన్నా.

మూడింటికి గోడ నీడలో కూర్చున్నాం. లోక్యా అంగీ జేబులోంచి గుప్పెడు మక్కలు తీశాడు. ఆ ఎకరంలోవే, ఎండబెట్టి ఇసుకలో వేయించినవి. గులకరాళ్ళంత గట్టివి. గుప్పిట విప్పి నా ముందు పెట్టాడు. డాక్టరు ఇలాంటివి తినొద్దని ప్రత్యేకంగా చెప్పింది. అందరూ చూస్తున్నారు. అన్నీ నోట్లో వేసుకున్నా.

నవంబర్ 13

వాన రాలేదు. పదకొండింటికి కొరికా. కటుక్. రోజారాణి మిషన్ పెట్టింది, పదహారు పాయింట్ రెండు. లోక్యా వడ్లు కాంటా అయ్యాయి, లారీ ఎక్కాయి.

రోజారాణి, పెద్దమ్మా, నాకు నేర్పే ముందు నా పళ్ళన్నీ పీకించుకోవాల్నా అని అడిగింది. అక్కర్లేదు, నోరు తెరవడం నేర్చుకుంటే చాలు అన్నా.

రేపు తండాకు వెళ్తున్నా, లోక్యా ఇంటికి. వాళ్ళావిడ ఏది పెడితే అది తినడానికి. ఏం పెట్టమంటవు అక్కా అన్నాడు. ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే గట్టిది అన్నా. పోతూ పోతూ జేబులో మిగిలిన మక్కలన్నీ నా కొంగులో పోశాడు.

అవే నములుతూ రాస్తున్నా. చప్పుడు భరించలేక మా ఆయన సకినాల డబ్బా తీసుకుని పక్క గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.